గోడ అవతలి కొరియా సీరియల్

అత్తగారు పోయి ఏళ్ళు గడిచినా, తనకే అరవై దగ్గర పడుతున్నా, ఆ వీధిలో అందరికీ ఆవిడ ఇంకా పెద్దకోడలే. పక్క వాటాలో ఉండే తోడికోడలు చిన్నకోడలు. అన్నదమ్ములైన వాళ్ళ మొగుళ్ళిద్దరూ బతికుండగానే ఒకే ఇంటికి మధ్యలో పలచని గోడ లేపి రెండు వాటాలు చేశారు. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. గోడకి అటొకరు, ఇటొకరు మిగిలారు.

పెద్దకోడలు ఆసుపత్రి బట్టల గదిలో పనిచేస్తుంది. ఆరబెట్టే యంత్రంలోంచి దుప్పట్లు సెగలు కక్కుతూ బయటికొస్తాయి. వేడి చల్లారకముందే మడత పెట్టేయాలి, లేదంటే ముడతలు పట్టుకుని కూర్చుంటాయి. పొద్దుటినుంచీ నిలబడి చేసే పని. సాయంత్రం ఇల్లు చేరేసరికి కాళ్ళు మొద్దుబారిపోయి ఉంటాయి. చెప్పులు ఎక్కడ విడిచిందో కూడా చూసుకోకుండా మంచం మీద వాలిపోతుంది.

సరిగ్గా అప్పుడే గోడ అవతల టీవీ మొదలవుతుంది. చిన్నకోడలికి ఒక చెవి మందం. అందుకని సౌండు ఆకాశానికంటేలా పెడుతుంది. అది కొరియా సీరియల్, తెలుగులో మాట్లాడుతుంది. తగ్గించమని అడగాలంటే మాట్లాడాలి. ఆ ఇద్దరికీ మాటల్లేవు.

అత్తగారు మంచాన పడ్డప్పుడు చాకిరీ అంతా చిన్నకోడలి నెత్తినే పడింది. పెద్దకోడలు డ్యూటీ దిగి వచ్చి, మంచం పక్కన కాసేపు కూర్చుని, కూర్చున్నచోటే కునికిపాట్లు పడేది. ముసలావిడ పోయిన రోజున చిన్నకోడలు చుట్టాలందరి ముందూ, "బతికుండగా ఒక చెయ్యి వెయ్యనివాళ్ళకి ఇప్పుడు ఏడుపొకటా?" అనేసింది. పెద్దకోడలు కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు.

ఆ టీవీ గోలకి పెద్దకోడలు మొదట్లో చెవుల్లో దూది పెట్టుకుంది. తర్వాత విసుగొచ్చి దూది తీసేసింది. కొన్నాళ్ళకి బొమ్మ చూడకుండానే కొరియావాళ్ళ మీద ఆవిడకి బోలెడన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి. పక్కన దుప్పటి రెండో కొస పట్టుకునే లావుపాటి సహోద్యోగితో అవన్నీ చెప్పేది.

"ఆ దేశంలో తాళంచెవులే ఉండవే. కీక్ కీక్ మని నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. ఎవడు మనసులో మాట చెప్పబోయినా వాన మొదలవుతుంది. గొడుగు మాత్రం ఒక్కడి దగ్గరే ఉంటుంది."

"చూడకుండా నీకెలా తెలుసు?"

"వాన చప్పుడు వినబడదా ఏంటి? ఆ హీరో సంగతి చూడు, ఉన్న నిజం చెప్పడానికి ఎపిసోడంతా నిట్టూరుస్తాడు. అంతసేపు నేను నిట్టూరిస్తే ఇక్కడ దుప్పట్లు కొండలా పేరుకుంటాయి."

ఆ కథలో ఒక తల్లి ఉంది. కన్నకూతుర్ని చిన్నప్పుడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ తల్లే పెద్ద బంగళాలో ఉంటూ, తన కూతురని ఎరిగి కూడా ఆ పిల్లని నానా మాటలూ అంటోందని పెద్దకోడలికి మహా మంట. "అదేం తల్లి! క్షమించడానికి వీల్లేదు" అని దుప్పటిని దులిపి మరీ చెప్పేది.

ఒక సాయంత్రం గోడ అవతల టీవీ మోగలేదు. హమ్మయ్య అనుకుని పెద్దకోడలు అటు తిరిగి పడుకుంది. నిద్ర పట్టలేదు. ఈపాటికి ఆ పిల్లకి నిజం తెలిసిపోవాలే అనుకుంది. చెవి గోడకి ఆనించింది. కుళాయి చప్పుడు లేదు, గిన్నె చప్పుడు లేదు. సన్నగా ఒక మూలుగు మాత్రం వినిపించింది.

పెరటి వైపునుంచి వెళ్ళి తలుపు తోసింది. చిన్నకోడలు స్నానాలగది బయట, గోడకి చేరగిలబడి నేలమీద ఉంది.

"ఎప్పుడు పడ్డావు?"

"మధ్యాహ్నం. నడుం పట్టేసింది, లేవలేకపోతున్నా."

"పిలవొచ్చుగా! నోరు కూడా పట్టేసిందా?"

"నువ్వు డ్యూటీలో ఉంటావుగా అక్కా" అంది చిన్నకోడలు. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. పెద్దకోడలికి మాత్రం చురుక్కుమంది. తర్వాత వంగి చంకల కింద చేతులేసి లేపింది. ఇద్దరూ ఆయాసపడుతూ, మధ్యలో ఒకసారి గోడకి ఆనుకుని నిలబడి, మెల్లగా మంచం చేరారు. పక్క వీధి డాక్టరొచ్చి ఎముక విరగలేదని, కదలకుండా పడుకోమని చెప్పి వెళ్ళాడు.

టీ పెట్టి ఇచ్చి, తను కుర్చీలో కూలబడి, కాస్త మొహమాటపడుతూనే అడిగింది పెద్దకోడలు. "ఇంతకీ ఆ పిల్లకి తన తల్లెవరో తెలిసిందా?"

చిన్నకోడలు తెల్లబోయింది. "నువ్వు చూస్తున్నావా?"

"నీ పుణ్యమా అని వింటున్నా."

ఫోనులో కూడా వస్తుందని చెప్పి చిన్నకోడలు తప్పిపోయిన భాగం పెట్టింది. పెద్దకోడలు కళ్ళద్దాలు సవరించుకుని ముందుకి వంగింది. తెరమీద బంగళా ఆవిడ పట్టుచీరలాంటి మెరుపు కోటు వేసుకుని తిట్టిపోస్తోంది. అదే గొంతుతో మరుక్షణం ఇంకో ఆడమనిషి, నెరిసిన జుట్టుతో, హోటల్లో గిన్నెలు తోముతూ కూతురి ఫొటో వైపు చూసి ఏడుస్తోంది.

"ఇదెవరు?"

"తల్లి."

"మరి ఆ బంగళా ఆవిడ?"

"హీరో మేనత్త. ఇద్దరికీ డబ్బింగు ఒక్కతే చెప్పింది."

పెద్దకోడలు నోరెళ్ళబెట్టింది. "నెలల తరబడి దీన్ని తిట్టిపోశానే!" అంది. ఆ గిన్నెలు తోమే ఆవిడ చేతులు దగ్గరగా చూపించారు, నీళ్ళకి నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. పెద్దకోడలు తన చేతులు చీరకొంగులోకి లాక్కుంది.

"అయినా క్షమించకూడదు. కష్టమైతే మాత్రం వదిలేసి పోతారా?" అంది పెద్దకోడలు.

"పాపం, ఆవిడకీ ఒళ్ళు హూనమైపోయింది అక్కా. రోజూ చూసేదాన్ని, నాకు తెలుసు" అంది చిన్నకోడలు. తర్వాత తెర వైపే చూస్తూ, "ఆ రోజు నేనన్నమాట..." అని మొదలుపెట్టింది.

"నువ్వన్నది నిజమే. కానీ అందరి ముందూ అన్నావు."

"అవును. అన్నాను."

అంతకుమించి ఇద్దరికీ ఓపిక లేకపోయింది. ఒకరు నడుం నొప్పితో, ఒకరు కాళ్ళ తీపులతో అలాగే ఆ భాగం చూడటం పూర్తిచేశారు.

చిన్నకోడలి నడుం కుదుటపడేదాకా పెద్దకోడలు డ్యూటీ దిగి తిన్నగా అటే వచ్చేది. కుదుటపడ్డాక కూడా రావడం మానలేదు. సీరియల్ అయిపోయాక ఇంకోటి మొదలైంది. సగంలోనే ఆవిడ కుర్చీలో నిద్రపోతుంది. లేచాక కథ చెప్పించుకుంటుంది, చెప్పింది నమ్మక పోట్లాడుతుంది. మొన్న కూడా ఆ కొత్త హీరో మొహం తనకి నచ్చలేదనీ, గొంతు విన్నప్పుడే బాగున్నాడనీ అంది.

"అయితే కళ్ళు మూసుకుని విను" అంది చిన్నకోడలు.

"అదేగా చేస్తున్నా" అని పెద్దకోడలు కాళ్ళు ఎదుటి పీటమీదికి చాపుకుంది.