ఐదు వెబ్‌సైట్లలో మా అమ్మ

ధర్మ అన్న అరకులో వెబ్‌సైట్లు చేసి ఇస్తాడు. మాదీ అతనిదీ కొండమీద ఒకే ఊరు. అక్కడ సిగ్నల్ లేక, సంత వీధిలో జెరాక్స్ షాపు మేడ మీద గది తీసుకున్నాడు. అమ్మ జబ్బుపడినప్పుడు తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నేను ఆ షాపులోనే పనిచేస్తున్నాను. టీ ఇవ్వడానికి పైకి వెళ్తే, అతని కంప్యూటరు వంక చూస్తూ నిలబడతాను.

మొదట్లో సైటు చేయించుకునేవాళ్లు ఫొటోలు ఇచ్చేవారు కాదు. "ఏదోటి పెట్టు, తర్వాత పంపుతాం" అనేవారు. అతని దగ్గర మంచి ఫొటో ఒక్కటే ఉండేది. కాఫీ పళ్లు కోస్తూ తలెత్తి నవ్విన మా అమ్మ రత్నాలుది, ఊళ్లో తనే తీసింది. అదే పెట్టి, కింద ఒక వాక్యం తనే రాసేవాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎవరూ ఏ ఫొటో పంపలేదు.

అలా మా అమ్మ ఒక హోమ్‌స్టేలో వంటమనిషి అయింది. చర్చి సైట్లో పాటల బృందానికి పెద్ద. అమ్మ పాడితే కోళ్లు బెదిరేవి. టూరిస్టు జీపులకు గైడు. కుట్టు కేంద్రంలో టీచరు. పార్వతీపురంలో పసుపు, చింతపండు అమ్మే లక్ష్మీప్రసాద్ గారి సైట్లో "పాతికేళ్లుగా ఇక్కడే కొంటున్నాను" అనే కస్టమరు. అమ్మ పార్వతీపురం ఎన్నడూ చూడలేదు.

"నన్నేటి సేసీసినావురా ధర్మా! ఇంటికాడ కూరే మాడిపోద్ది, నన్నట్టుకెళ్లి ఓటల్లో ఎట్టీసినావు!" అని అమ్మ ఒకటే నవ్వు.

అమ్మ పోయి రెండేళ్లు. షాపులో గిరాకీ లేనప్పుడు ఒక్కో సైటూ తెరిచి చూసుకునేదాన్ని. హోమ్‌స్టే మూతపడింది. చర్చికి కొత్త ఫొటోలొచ్చాయి. జీపుల సైటు, కుట్టు కేంద్రం సైటు ఒకదాని వెనక ఒకటి తెరుచుకోవడం మానేశాయి. పసుపు కొట్టు ఒక్కటే మిగిలింది.

మొన్నొక సంతనాడు నేను టీ పోస్తుంటే లక్ష్మీప్రసాద్ గారి ఫోనొచ్చింది, అన్న స్పీకర్లో పెట్టాడు. సైటు కొత్తగా చేయాలట.

"ఆ నవ్వుతున్నావిడ ఎవలయ్యా?"

"మా ఊరావిడండి. పోయింది."

"దండేసి గోడకెట్టాల్సిన ఫొటోని కొట్టు మీద ఎట్టీసినావేటయ్యా! తీసీ, బేగి తీసీ."

ధర్మ అన్న నా వైపు తిరిగాడు. "నీ ఫోన్లోకి పంపీనా?"

"ఉంది." గ్లాసు కింద పెట్టాను. "ఫోన్లో అయితే నానొక్కదాన్నే సూత్తానన్నా. అక్కడైతే ఎవులో ఒకలు సూసేవోరు."

అతను ఫొటో తీసేశాడు. నేను చూస్తూనే ఉన్నాను.

వారం తర్వాత పైకి పిలిచాడు. ఇన్నేళ్లుగా అందరికీ సైట్లు చేశాడు గానీ తనకంటూ ఒకటి లేదు. ఇప్పుడు చేసుకున్నాడు. తన పేరు, మా ఊరి పేరు, చేసిన పనులు. అన్నిటికన్నా పైన అమ్మ. ఆ ఫొటో కింద మాటల చోటు ఖాళీ.

"ఇన్నాళ్లూ నానే కల్పించి రాసీసినాను, గుంటా. ఈపాలి మీ యమ్మ అన్న మాటే సెప్పు."

మంచి మాట కోసం చాలాసేపు వెతికాను. నేను బడి నుంచి రాగానే అమ్మ అంబలి గిన్నె ముందుపెట్టి అనే మాట తప్ప ఇంకేదీ రాలేదు.

"బేగి తాగీ, సల్లారిపోద్ది."

అతను ఒక్క అక్షరం మార్చకుండా కొట్టాడు.

కిందికొచ్చి షాపు కంప్యూటర్లో తెరిచాను. ఆధార్ కాపీ కోసం నిలబడ్డ ముసలామె మెడ సాచి చూసింది.

"ఎవులే ఆ నవ్వుతున్నాది?"

"మా యమ్మ" అన్నాను.