స్పృహలేని తలపై నీళ్ళు

మా నాన్న జుట్టు భుజాలు దాటింది. దర్జీకి కత్తెర కరువా అని నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు. నవ్వనీ.

మేం యూదులం. పక్క దుకాణంలో జుట్టు కత్తిరించే, నేను మామయ్య అని పిలిచే ఆయన క్రైస్తవుడు. గిరాకీ లేనప్పుడల్లా లోకరక్షకుడు మెస్సీయ వచ్చాడా, ఇంకా రావాలా అని ఇద్దరికీ కీచులాట.

"వచ్చి వెళ్ళాడురా!" అనేవాడు మామయ్య.

"వచ్చుంటే లోకం ఇలా ఏడుస్తుందా?" అనేవాడు నాన్న.

ఏ ఒక్కరూ తగ్గేవారు కాదు. అయినా నాన్న తల అప్పగించింది ఆ ఒక్క మనిషికే.

జ్వరం ముదిరి నాన్న స్పృహ తప్పినప్పుడు, మామయ్య ఆసుపత్రికొచ్చి అట్టకట్టిన జుట్టు తడిపి కత్తిరించాడు. పిచ్చిదాన్ని, కన్నీళ్ళతో దండం పెట్టాను.

నాన్న కోలుకున్నాక మామయ్య ఉబ్బితబ్బిబ్బవుతూ చెప్పాడు. "ఆ రోజు తల తడుపుతూ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీకు బాప్తిస్మం ఇచ్చి క్రైస్తవుణ్ణి చేసేశాన్రా! నువ్వు నరకానికి పోతావని భయమేసింది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. నేను నోరు చేసుకోబోతే నాన్న చెయ్యెత్తి ఆపాడు. తన తల తడుముకున్నాడు.

"ఇన్నేళ్ళూ వాదించుకున్నాం కదరా," అన్నాడు. "నేను జవాబు చెప్పలేని రోజు కోసమా కాచుక్కూర్చున్నావు?"