సున్నా టికెట్టు

ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పుడు మా వీధిలో అందరికంటే ఎక్కువ సంబరపడింది మా ఆయనే. నేనూ సంతోషించాననుకోండి. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా కొట్టిన టికెట్టు చేతిలో పెట్టాడు. కిటికీ పక్కన కూర్చుని నంద్యాల దాకా పోయి, అంగళ్ళన్నీ చూసుకుని తిరిగొచ్చాను. నా కోసం పోయింది ఆ ఒక్కరోజే. తర్వాత పోయినవన్నీ ఆయన పనుల మీదే.

మాది ఆళ్ళగడ్డ. మా ఆయనకు మోటార్లు వైండింగ్ చేసే అంగడి ఉంది. పొలాల్లో కాలిపోయిన మోటార్లు ఆయన దగ్గరికి వస్తాయి. వాటికి కావలసిన రాగి తీగ, బేరింగులు నంద్యాల నుంచి తెప్పించుకోవాలి. ఇదివరకు ఫోన్ చేస్తే అక్కడి అంగడివాళ్ళు పార్సిల్ వేసేవారు, సాయంత్రానికి మా బస్టాండులో దిగేది. ఫ్రీ బస్సు వచ్చాక ఆయనకు ఆ పార్సిల్ చార్జీ దండగ అనిపించింది.

"నీకు టికెట్ లేదు గదా మే. పోయిరా," అన్నాడు.

నేనేమైనా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నానా? ముందుగదిలో నా కుట్టుమిషన్ ఉంది. జాకెట్లు కుడతాను. నేను నంద్యాల పోయిన రోజు దాని మీద గుడ్డ కప్పి ఉంటుంది, వచ్చినవాళ్ళు గడప దగ్గర నుంచే తిరిగిపోతారు. ఆ సంగతి చెబితే "రాత్రికి కుట్టుకుంటావులే" అనేవాడు. రాత్రికి వంట ఆయన చేస్తాడేమో మరి!

ఆయన్ని చూసి ఇంట్లో వాళ్ళకూ వీధిలో వాళ్ళకూ అలవాటైంది. ఎటూ పోతాండావు గదా అని మా అత్త నూనె డబ్బా తెమ్మనేది. ఎదురింటి అక్క మిక్సీ జారు బాగు చేయించుకు రమ్మనేది. అవన్నీ మోసుకుని వచ్చేసరికి నా నడుం విరిగేది. తిన్నావా, సీటు దొరికిందా అని మా ఆయన అడిగిన పాపాన పోలేదు. ఆయన అడిగేది ఒకటే. "ఎంత మిగిలింది?"

ఇట్లా ఉండగా మా ఊళ్ళో ఒక చిన్న ప్రైవేటు బడి పెద్దమేడం నా కుట్టు చూసి ముచ్చటపడింది. పిల్లల యూనిఫారాలు నాకే ఇస్తానంది. ముందు ఒక చొక్కా, ఒక గౌను కుట్టి చూపించమంది. చొక్కా కాలరు సరిగ్గా కూర్చోలేదని విప్పి మళ్ళీ కుట్టాను. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చి చూస్తాననీ, నచ్చితే గుడ్డ ఇచ్చిపోతాననీ చెప్పింది. బడి తెరిచేలోపు అన్నీ అయిపోవాలని ఆమె తొందర ఆమెది. ఆ పని వస్తే ఇంకో మిషన్ కొని, తోడుగా ఒకామెను పెట్టుకోవాలనుకున్నాను. ఇంట్లో ఖాళీగా ఉండి జాకెట్లు కుడుతుంది అనే మాట పోయి, టైలరమ్మ అనిపించుకోవాలని నా ఆశ.

సోమవారం పొద్దున్నే మా ఆయన, "మోటారు విప్పి పెట్టినా. బేరింగులు తెచ్చియ్యి," అన్నాడు.

"ఈ పొద్దు మేడం వస్తాది. పార్సిల్ వేయించుకో."

"రెండింటికి గదా. పన్నెండుకే ఈడుంటావు. ఫ్రీగా వచ్చేదానికి ఎవరన్నా దుడ్లు పోస్తారా?"

"అయితే నువ్వే పో."

"అంగడి మూస్తే బేరం పోదా?"

పోయాను. నంద్యాలలో ఆ అంగడాయన గోడౌనుకు పోయి ఎంతకీ రాలేదు. బేరింగులు తీసుకుని బస్టాండుకు వస్తే, ఒక బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఇంకోటి నిండిపోయి ఆగకుండానే పోయింది. ఆ వెనక ఆడవాళ్ళైనా టికెట్టు కొనాల్సిన లగ్జరీ బస్సు వచ్చింది, సీట్లు ఖాళీ. నా జాకెట్ల డబ్బులతో టికెట్టు కొని ఎక్కాను. దారిలో మేడంకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఇల్లు చేరేసరికి మా అత్త గడపలో కూర్చుని ఉంది. "ఆమె వచ్చి శానాసేపు చూసె. యాడికి పోయిందంటే నంద్యాలకని చెప్తి. లేసి ఎల్లిపాయ," అంది.

మళ్ళీ ఫోన్ చేస్తే ఈసారి మేడం ఎత్తింది. "ఏమనుకోవద్దమ్మా. చెప్పిన టైముకు ఇంట్లోనే లేవు, చెప్పిన టైముకు బట్టలెట్లా ఇస్తావు? వేరేవాళ్ళకు ఇచ్చేసినా," అంది.

అంగడికి పోయి సంచి బల్ల మీద పడేశాను. జరిగిందంతా చెప్పాను. ఆయన బేరింగులు బయటికి తీస్తుంటే వాటితోపాటు నా టికెట్టు వచ్చింది.

"ఇదేందీ? టికెట్ కొన్యావా? ఎనకాల్నే ఫ్రీ బస్సు వచ్చేది గదా," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు అంగడి మూస్తే బేరం పోతాది. నేను మిషన్ మూస్తే ఏం పోతాది? చెప్పు," అన్నాను.

"ఈ బడి కాకపోతే ఇంకో బడి వస్తాదిలే," అని ఆయన పానా చేతిలోకి తీసుకున్నాడు. ఆ పానా లాక్కుని ఎక్కడన్నా విసిరేయాలనిపించింది.

వారం తిరక్కముందే మళ్ళీ తీగ కావాలన్నాడు. నేను మిషన్ మీద నుంచి లేవలేదు.

"నాకు పనుంది. పార్సిల్ వేయించుకో, లేదంటే నువ్వే పో," అన్నాను.

పార్సిల్ చార్జీ కట్టడానికి మాత్రం ఆయనకు మనసు రాలేదు. పంతానికి తనే పోయాడు. దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. చొక్కా నలిగిపోయింది, చెప్పులు విప్పే ఓపిక కూడా లేక మెట్టు మీద కూలబడ్డాడు.

"కూచునేకి సీటు లేదు. ఆ అంగడోడు ఊరికే నిలబెట్టె. దినమంతా పాయె మే," అన్నాడు.

నేను అన్నిసార్లు పోయొచ్చినా నా దినం పోయిందని ఆ నోటి నుంచి ఒక్కసారి రాలేదు. ఆయన పోయింది ఒక్కసారి.

చెంబుతో నీళ్ళిచ్చి, "ఎంత మిగిలింది?" అని అడిగాను.

ఆయన నీళ్ళు తాగి, చెంబు మెట్టు మీద పెట్టి లోపలికి పోయాడు. అప్పటి నుంచి తీగ పార్సిల్‌లోనే వస్తోంది.

ఆ బడి పిల్లలు పొద్దున మా ఇంటి ముందు నుంచే పోతారు. ఆ చొక్కాల కాలర్లు ఒకవైపు లేచి ఉంటాయి. పిలిచి సరిచేసి పంపాలని చేతులు లాగుతాయి. మా ఆయన అదే మెట్టు మీద కూర్చుని టీ తాగుతుంటాడు. ఆయనకు ఆ కాలర్లు కనపడవు.