మంద కట్టిన చేలో బూడిద గాలి

ఎండలు ముదిరితే మా గొర్రెలకు మా ఊళ్లో మేత ఉండదు. రాచర్ల చుట్టూ ఉన్న మెట్టల మీద ఒక్క పచ్చటి పరక కనిపించదు. అందుకని మా ఇళ్లవాళ్లు ఏటా మందను తోలుకుని తూర్పుకు నడుస్తారు. పొదిలి దాటి, ఇంకా కిందికి దిగి, సముద్రానికి దగ్గర్లో వరి కోసిన చేలకు చేరుకుంటాం. పగలు గొర్రెలు ఆ చేలల్లో మేస్తాయి. రాత్రికి ఒక రైతు చేలో చుట్టూ వల కట్టి వాటిని లోపల పడుకోబెడతాం. అవి వేసే పెంట ఆ చేనుకు ఎరువు. దానికి బదులు రైతు మాకు వడ్లు ఇస్తాడు. దీన్నే మంద కట్టడం అంటాం. గొర్రెలతోపాటు మనుషులం కూడా అక్కడే గొంగళ్లు పరుచుకుని పడుకుంటాం.

రాష్ట్రం రెండుగా విడిపోయిన తొలి సంవత్సరాల్లో మేము మంద కట్టే ఊరి పక్కన బొగ్గుతో కరెంటు తీసే కర్మాగారం నడుస్తూ ఉండేది. కొత్త రాష్ట్రానికి కరెంటు కావాలి, అది ఉంటే అందరం బాగుపడతాం అని టీకొట్ల దగ్గర చెప్పుకునే రోజులవి. దాని పొగగొట్టాలు చాలా దూరం నుంచే కనిపించేవి. మా మందకు పెద్ద మా బావ, అంటే మా ఆయనకు అన్న. "అదిగో, మన చేలు వచ్చినట్టే" అని ఆ గొట్టాలను చూపించేవాడు. నడిచి నడిచి కాళ్లు పుండ్లు పడ్డ మాకు వాటిని చూస్తే ప్రాణం లేచి వచ్చినట్టుండేది.

బూడిద అంటే మావాళ్లకు మంచి వస్తువు. దానితో గిన్నెలు తోముతాం, పళ్లు తోముకుంటాం, వంగ మొక్కలకు పురుగు పడితే చల్లుతాం. గొర్రె బొచ్చులో గోమార్లు పట్టి రక్తం తాగుతుంటే, బూడిద చల్లి వేళ్లతో లోపలికంటా రుద్దుతాం. అవి ఊడి రాలిపోతాయి. మా మామ కాలం నుంచి మాకు అదే మందు. ఆ కర్మాగారం వాళ్లు తమ బూడిదను నీళ్లతో కలిపి పెద్ద మడుగులోకి వదిలేవాళ్లు. ఎండకు మడుగు అంచులు ఆరిపోయి, బూడిద పిండిలాగా మెత్తగా పడి ఉండేది. మొదటి ఏడు మా బావ దాన్ని చేతిలోకి తీసుకుని నలిపి చూసి మురిసిపోయాడు.

"చూడండిరా, జల్లెడ పట్టినట్టు ఉండాది. మన ఆడోళ్లు ఏడాదంతా పొయ్యి ఊదినా ఇంత బూడిద రాదు" అన్నాడు.

"అయితే ఇంక మమ్మల్ని పొయ్యి ఊదమని చెప్పబాక బావా. మధ్యాన్నం సంగటి కూడా ఆ గొట్టాన్నే అడుగు" అన్నాను. అందరం నవ్వాం.

గోతాలతో మోసుకొచ్చారు. రుద్దే పని మా ఆయనది. ఎంత పొగరుబోతు గొర్రె అయినా ఆయన చేతికి లొంగుతుంది. సాయంత్రం వల లోపల ఒక్కో గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, బొచ్చులోకి ముఖం వంచి రుద్దేవాడు. గొర్రె ఒళ్లు విదిలిస్తే ఆ దుమ్ములో మనిషి కనబడేవాడు కాదు. పని ముగించి, తెల్లబడిన కనురెప్పలతో నా వైపు చూసి పళ్లు ఇకిలించేవాడు.

గోమార్లు రాలిన మాట నిజమే. ఇంటికి తిరిగొచ్చేసరికి ఆయనకు దగ్గు పట్టుకుంది. వానలు పడ్డాక తగ్గింది. మరుసటి ఏడు మళ్లీ పోయాం, మళ్లీ పట్టుకుంది. ఈసారి పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. దూరం పోయిన గొర్రెను పిలవబోయి, కేక సగంలో ఆగిపోయి, కర్ర మీద బరువంతా వేసి నిలబడేవాడు. ఆయన కేక వేస్తే గట్టు అవతలి మందలు కూడా తలెత్తి చూసేవి, అట్లాంటి గొంతు.

మేము గొర్రెలకు రుద్దుతుండగా ఒకరోజు చేను రైతు చూశాడు. "ఏందబ్బా ఇది, ఆ బూడిదను చేత్తో ముట్టుకుంటుండారా! దాని దెబ్బకు మా చెరువులో చేప నిలవలేదు. మా ఇంట్లో పసిబిడ్డ నుంచి ముసలమ్మ దాకా అందరికీ దగ్గే" అన్నాడు.

"మరి పోయినేడు కూడా చూస్తివి గదన్నా, చెప్పలేదే?" అని అడిగాను.

"మీకు తెలిసే చేస్తుండారనుకుంటి" అన్నాడు.

ఆ పూటతో గోతాలు పారేశాం. అయితే మడుగు మీద నుంచి గాలి తిరగడానికి మా గోతాలతో పనేముంది? పొద్దున లేచి గొంగడి దులిపితే బూడిద. మూత పెట్టిన అంబలి కుండ అంచున బూడిద. గొర్రెలు పరకను వాసన చూసి తల తిప్పుకునేవి. మా ఆయన ఆయాసం కొంచెం కూడా తగ్గలేదు.

అంతకు ముందు చలికాలంలోనే మా ఊళ్లో పెద్దవాళ్లకు సాయంత్రం పూట పెట్టిన బడిలో నేను అక్షరాలు నేర్చుకున్నాను. దారిలో ఒక గుడ్డ మీద రాసింది కూడబలుక్కుని చదివితే "ఉచిత వైద్య శిబిరం" అని వచ్చింది. కర్మాగారం తరఫున పెట్టిందే. ఎవరినీ అడగకుండా చదువుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని పోయి వరుసలో నిలబడ్డాను. బల్ల దగ్గరి అబ్బాయి "ఏ ఊరమ్మా?" అన్నాడు. చెప్పాను.

"అది యాడో దూరం కదమ్మా. ఇది ఈ చుట్టుపక్కల ఊళ్లోళ్లకే."

"మాకు దగ్గు ఈ ఊళ్లోనే పట్టింది నాయనా. గాలి మమ్మల్ని ఏ ఊరని అడగలేదే?"

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ అబ్బాయి కూడా నవ్వి, వచ్చిన వాళ్లందరికీ పంచుతున్న టోపీల్లో ఒకటి తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. ఆయాసానికి టోపీ! దాన్ని నేను అక్కడే కాలవలో పారేయబోతే ఆయన లాక్కుని పెట్టుకున్నాడు. ఎండకు పనికొస్తుందట.

ఇంటికొచ్చాక మార్కాపురంలో ఒక డాక్టరుకు చూపించాను. "రోజుకు ఎన్ని బీడీలు తాగుతావు?" అన్నాడు.

"అలవాటు లేదు సార్."

"అందరూ ఇట్లే చెప్తారు."

నేను కర్మాగారం సంగతి, మడుగు సంగతి చెప్పాను. "మన దగ్గర అట్లాంటిది లేదు కదమ్మా" అన్నాడు. "మేం పోయేకాడ ఉండాది సార్" అన్నాను. "అయితే అక్కడి డాక్టరునే అడగాల్సింది" అన్నాడు. నోట్లోకి పీల్చే మందు రాసిచ్చి, దుమ్ములోకి పోతే మాత్రం మందు పనిచేయదని గట్టిగా చెప్పాడు. అక్కడివాళ్లకు మేము ఇక్కడివాళ్లం. ఇక్కడివాళ్లకు మా జబ్బు అక్కడిది. బస్సులో వస్తూ ఈ మాటే అనుకుంటూ పళ్లు కొరుక్కున్నాను.

మళ్లీ ఎండలొచ్చాయి. ఆ ఊరు మానేద్దామని మా బావతో అన్నాను.

"మానేసి యాడికి పోదాం అమ్మాయీ? ప్రతి చేనుకీ ఒక మంద ఉండాది. ఆ రైతు మా నాయన కాలం నుంచి మనోడు. ఒక్క ఏడు మనం పోకపోతే ఇంకో మంద దిగుతాది. మళ్లీ మనకు చోటు దొరకదు. అయినా బూడిద రుద్దడం మానేస్తిమి గదా, ఇంకేంది?"

"అక్కడున్నన్ని నాళ్లు గాలి పీల్చడం కూడా మానేద్దామా బావా?"

బావ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నాకు ఒళ్లు మండింది కూడా అందుకే. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని "మూతికి గుడ్డ కట్టుకుని నేనే పోతాలే" అన్నాడు. ఆ నాలుగు మాటలకే రెండుసార్లు ఆగాడు.

"నువ్వు ఇంటికాడ ఉండి పిల్లల్ని చూసుకో. మందతో నేను పోతా" అన్నాను.

"ఆడదానివి, చేలల్లో ఎట్ల పడుకుంటావు?"

"ఇన్నేండ్లు నేను పడుకునింది మేడలోనా?"

పోయాను. రైతు వల కట్టే చోటు చూపిస్తూ "మీ ఆయన రాలేదేమ్మా?" అని అడిగాడు. ఇంటి దగ్గరే ఉంచానని, అక్కడ కొంచెం తెరిపిగా ఉన్నాడని చెప్పాను. రైతు దగ్గి, ఉమ్మేసి, కండువాతో మూతి తుడుచుకున్నాడు. "మంచి పని చేస్తివి. మాకు పోయేదానికి ఇంకో ఊరు లేదు" అన్నాడు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. దాన్ని చూపించుకోవడానికి ఎదురుగా మనిషి లేడు, గొట్టాలున్నాయి.

వారం పది రోజులు పోయాక ఒక సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. కుంటి గొర్రె ఎట్లుందని, పాలు మరిచిన పిల్లలు మేస్తున్నాయా అని వరుసగా అడిగాడు. ఎక్కడా ఆగకుండా అడిగాడు. అంత పొడుగు మాట ఆయన నోటి నుంచి విని ఎన్నాళ్లయిందో.

"నీకేమన్నా దగ్గు వస్తాందా?" అన్నాడు చివర్లో.

"లేదు" అన్నాను. ఫోన్ పెట్టేదాకా ఆపుకున్నాను.