పంటిగాటు పడిన పాలచక్కెర

మా వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో గుమ్మం ముందు నుంచి నడుస్తూ చెప్పేస్తాను. మా పక్కింటి వెండెలిన్ విషయంలో ఆ సరదా లేదు. ముప్పై ఏళ్లుగా వాళ్లింట్లో ఉడికేది ఒకటే, పాలచక్కెర.

కొండ మీద పశువుల కాపరులు పాలు విరిచి చీజు తీసేశాక తేట మిగులుతుంది కదా, దాన్ని అక్కడే మరగబెట్టి మరగబెట్టి గోధుమరంగు ఇసుకలా చేసి, మూటలు వీపున వేసుకుని మా ఊరు మార్బాఖ్‌కి దించుతారు. ఆ ఇసుకని వెండెలిన్ మళ్లీ వేడినీళ్లలో కరిగించి, పటిక వేసి, గుడ్డలో వడగట్టి, రాగి బానలో చిక్కబెట్టి, రాగి రేకు తొడిగిన తొట్లలో పోస్తాడు. తొట్టి మీద అడ్డకర్రలకు పుల్లలు వేలాడదీస్తాడు. ఆ పుల్లల చుట్టూ పన్నెండు రోజుల్లో చక్కెర గుత్తులు గుత్తులుగా పేరుకుంటుంది, ద్రాక్షగుత్తిలా. పుల్లతో సహా ఆ గుత్తిని నీలం కాగితంలో చుట్టి పట్నానికి పంపుతారు. పట్నంలో దాన్ని పసిబిడ్డల పాలలో కలుపుతారు, డాక్టర్లు మందు పొడుల్లో నూరుతారు. మేం మాత్రం దాన్ని తినం. నాలిక మీద పెట్టుకుంటే తీపి వస్తానా రానా అని ఆలోచిస్తూ కూర్చుంటుంది. కాఫీలోకి మాకు మామూలు చక్కెరే కావాలి.

ఆ పన్నెండు రోజులూ తొట్టి కదలకూడదు. కదిలితే గుత్తి కట్టదు, అడుగున ఇసుకలా రాలిపోతుంది. అందుకని తొట్లు నిలబెట్టిన రోజుల్లో వెండెలిన్ ఇంట్లో ఎవరూ బూట్లు వేసుకోరు. తలుపులు మూయరు, ఆనించి వదిలేస్తారు. తుమ్ము వస్తే పెరట్లోకి పరిగెత్తాలి. పిల్లిని కూడా "ష్!" అంటాడు. ముందు పైపళ్లు రెండూ లేవు వెండెలిన్‌కి. పందొమ్మిదో ఏట ఒక ఆవు తన్నింది. అందుకని ఆ "ష్" ఎవరి "ష్" లాగా ఉండదు, కిటికీ సందులోంచి ఈదురుగాలి దూరినట్టు ఉంటుంది. గోడ ఇవతల నా చేతిలో గిన్నె జారినా ఆ గాలి నా దాకా వచ్చేది.

పెళ్లి కూడా అలాగే చేసుకున్నాడు. ఫాదర్ గారు పెట్టిన తేదీ సరిగ్గా తొట్లు నిలబెట్టిన తొమ్మిదో రోజున పడింది. మేళం ఇంటి ముందు వాయిస్తే తొట్లు అదురుతాయని వాద్యగాళ్లని ఏటి వంతెన దాకా తరిమేశాడు. పెళ్లివాళ్లంతా వంతెన మీద గెంతుతుంటే పెళ్లికొడుకు మేజోళ్లతో తొట్టి పక్కన కాపలా కాశాడు. పెళ్లికూతురు అపొలోనియా అక్కడికే వెళ్లి నిలదీసింది.

"నన్ను చేసుకున్నావా, ఈ తొట్టిని చేసుకున్నావా?"

"మెల్లగా మాట్లాడవే," అన్నాడట ఆ మహానుభావుడు. "నువ్వు అలిగితే రేపు బతిమాలుకోవచ్చు. ఇది అలిగితే మళ్లీ మొదటి నుంచి కాచాలి."

పంటినొప్పి వస్తే మేం మొక్కుకునే పునీతురాలి పేరు కూడా అపొలోనియానే. ఆ పేరున్న పిల్ల వచ్చి వచ్చి ఈ పళ్లూడిన వాడికే దొరికిందని ఊరంతా నవ్వింది. ఆవిడ మాత్రం ఇప్పటికీ నవ్వదు.

ఇక పుల్లల సంగతి. చలికాలంలో హేజెల్ పొదల కొమ్మలు కోసి, తొక్క తీసి, పొయ్యి మీద అటకలో ఆరబెడతాడు. పుల్లలో తడి ఉంటే గుత్తి జారిపోతుంది. ఆరిందో లేదో మిగతా వాళ్లు విరిచి చూస్తారు, లేదా వేలితో మీటి చూస్తారు. వెండెలిన్ కొరికి చూస్తాడు. "వేలు అబద్ధం చెబుతుంది అక్కా, పన్ను చెప్పదు," అంటాడు. ఒక్క పుల్లని కాదు, ప్రతి పుల్లనీ, అడ్డకర్రకు కట్టే పైకొసని. ఎండిన పుల్ల మీద సన్నటి గుర్తు పడుతుంది. ఎడమ వైపు రెండు నొక్కులు, మధ్యలో ఖాళీ, కుడి వైపు రెండు నొక్కులు. ఇది నేను ఎప్పుడో చూశాను. చూడకుండా ఉండటం నా వల్ల కాదు.

పోయినేడు వసంతంలో వచ్చి పడింది ముప్పు. చక్కెర కాయడానికి కట్టెలు కావాలి, కట్టెలకు అడవి కావాలి. ఏటి పైనున్న వాలు మీద మోళ్లు తప్ప చెట్లు మిగల్లేదు. ఇక మీదట ఉమ్మడి అడవి నుంచి ముగ్గురికి మాత్రమే కట్టెలు ఇస్తామని ఊరి సభ తేల్చేసింది. చక్కెర కాచేవాళ్లు మాకు ముగ్గురే. కానీ నాలుగో వాడు పుట్టుకొచ్చాడు. ఊళ్లో గుత్తులన్నీ కొని పట్నానికి తోలే వర్తకుడు ఫ్రీడోలిన్ ఉన్నాడే, వాడి అల్లుడు. కొత్త తొట్లు కూడా చేయించి పెట్టుకున్నాడు. ముగ్గురిలో ఎవరిది రెండో రకం చక్కెర అయితే వాళ్ల కట్టెలు అల్లుడికి పోతాయని మాట. ఏది ఏ రకమో చెప్పేదెవరు? ఫ్రీడోలినే.

ఆ ఫ్రీడోలిన్ ఒక రోజు బండి ఆపి, వెండెలిన్ గుత్తిని వెలుతురుకి ఎత్తి పట్టి పెదవి విరిచాడు. నేను కంచె పక్కన క్యాబేజీ మొక్కలకు నీళ్లు పోస్తున్నాను. పోసిన దానికే మళ్లీ పోస్తున్నాను.

"రెండో రకమయ్యా వెండెలిన్. పట్నంలో దీన్ని దూడల తవుడులో కలుపుతున్నారు."

"నా చక్కెరా? దూడలకా?"

"ఏం చేస్తాం. చేతులు ముసలివయ్యాయి నీవి. కట్టెలు రావు ఇక. అయినా దిగులు పడకు, మా అల్లుడి దగ్గర పనికి వచ్చెయ్. కాయడం నువ్వే కాద్దువు గాని."

దూడలకు పెట్టే చక్కెర కాచే ముసలి చేతులు అల్లుడికెందుకో! నాకు అక్కడే తేడా కొట్టింది. వెండెలిన్‌కి కొట్టలేదు. మర్నాడు తొట్లు నిలబెట్టి ఆరో రోజు. నా చేతిలోంచి రాగి చెంబు రాతి మెట్ల మీద పడి మూడు మెట్లు దొర్లింది. అవతల నుంచి "ష్" లేదు. కంచె మీంచి తొంగి చూస్తే మనిషి బూట్లతో తొట్ల మధ్య నడుస్తున్నాడు. అప్పుడు భయం వేసింది నాకు.

ఆ వారమే నా మోకాలు పట్టేసింది. నిజంగానే పట్టేసింది, సాకు కాదు. పక్క లోయలో డాక్టరు ఇంగోల్డ్ గారి దగ్గరికి బండిలో వెళ్లాను. ఆయన తెల్లటి చిన్న గోలీలు ఇస్తాడు. ఎలా చేస్తారో చూస్తానంటే, ముసలిదాన్ని కదా అని గదిలోకి రానిచ్చాడు. అద్దాల బీరువాలోంచి నీలం కాగితం పొట్లం తీసి, గుత్తి విరిచి రోట్లో వేశాడు.

"ఇదేమిటండీ?"

"పాలచక్కెరమ్మా. మందు ఒక్క చుక్క, చక్కెర ఇంత. చక్కెర శుద్ధంగా లేకపోతే మందు పనిచెయ్యదు. అందుకే మొదటి రకంలో కూడా ఏరి తెప్పిస్తాను."

"ఎవరు కాస్తారో?"

"అది ఫ్రీడోలిన్ గారు చెప్పరు. ఎక్కడో ప్రత్యేకంగా కాయిస్తారట. మనిషి చెయ్యి తగలదట తల్లీ!"

విరిచిన పుల్ల బల్ల మీద పడింది. రెండు నొక్కులు, ఖాళీ, రెండు నొక్కులు.

చెయ్యి తగల్లేదేమో గానీ! నవ్వు ముక్కులోంచి వచ్చేసింది. దగ్గని కప్పుకున్నాను. ఆయన దగ్గుకి ఇంకో నాలుగు గోలీలు కలిపాడు.

"డాక్టరు గారూ, ఆ పుల్ల నాకిస్తారా?"

"పుల్లెందుకమ్మా?"

"వీపు గోక్కోవడానికండీ. ఒంటరిదాన్ని."

ఇచ్చాడు.

ఊరి దాకా బండిలో పాడుకుంటూ వచ్చాను. మా వంతెన కనబడ్డాక పాట ఆగిపోయింది. ఈ పుల్ల సభలో చూపిస్తే దూడల మాట అబద్ధమని తేలిపోతుంది, నిజమే. కానీ ఈ గాటు ఏమిటని అడుగుతారు. ఆ కబురు డాక్టరు చెవిన పడితే? పళ్లూడిన వాడు కొరికిన పుల్ల మీద పెరిగిన చక్కెరని ఆయన బీరువాలో పెట్టనిస్తాడా? వెండెలిన్‌ని కాపాడేది అదే, ముంచేదీ అదే.

అపొలోనియాకి చూపించాను. పుల్లని అటూ ఇటూ తిప్పింది.

"అంటే ఈయన పళ్లు డాక్టరు బీరువా దాకా వెళ్లొచ్చాయన్నమాట. నన్ను మాత్రం ఏనాడైనా ఈ కొండ దాటించాడా వదినా?"

"అది తరవాత ఏడుద్దువు గాని. ఇప్పుడేం చేద్దాం?"

"నలుగురికీ చూపిస్తే గదా గొడవ," అంది ఆవిడ కూర తరుగుతూనే. "ఒక్కడికే చూపించు."

నాకు తట్టనిది ఆవిడకు తట్టిందని ఆ పూటంతా కాస్త కినుకగానే ఉంది.

ఆదివారం పూజ అయ్యాక సభ. సత్రం మేడ మీద. మగవాళ్లే కూర్చుంటారు, సూపు మేం పోస్తాం. మెట్లెక్కబోతున్న ఫ్రీడోలిన్‌ని గుర్రం చాటున పట్టుకున్నాను.

"ఫ్రీడోలిన్ గారూ, ఇంగోల్డ్ గారి బీరువా చూసొచ్చాను. దూడలు లేవండీ అందులో."

"ఏం మాట్లాడుతున్నావు అఫ్రమ్మా?"

పుల్ల చూపించాను. ఏమాటకామాటే, మనిషి గట్టివాడు, నవ్వేశాడు. "పుల్లలు లోకంలో ఎన్ని లేవు!"

"పుల్లలు బోలెడు. పళ్లే తక్కువ. చక్కెర కాచేవాళ్లలో ముందు పళ్లు లేనిది ఎవరికో సభలో అందరినీ నోళ్లు తెరవమందామా?"

ఆయన నవ్వు ఆగింది. అంతలోనే తేరుకున్నాడు. "చూపించు, చూపించు. నీ వెండెలిన్ కూడా మునుగుతాడు."

"మునుగుతాడు. వాడెలాగూ మునిగాడుగా. మీరు మాత్రం మనిషి చెయ్యి తగలలేదని ఎన్ని బీరువాలకు చెప్పి ఉంటారో పాపం, అన్నీ తిరిగి పన్ను తగిలిందని కూడా చెప్పుకు రావాలి."

పుల్ల లాక్కోబోయాడు. నేను దాన్ని నా కొప్పులో గుచ్చేసుకుని, సూపు గిన్నె తీసుకుని, కుంటుకుంటూ మెట్లెక్కాను.

సభలో ముందు గొర్రెల మేత గురించి మాట్లాడారు. తరవాత వంతెన పలకల గురించి. నేను ఒక్కొక్కరి దగ్గరా వంగి పోస్తున్నాను. ఫ్రీడోలిన్ దగ్గర కాస్త ఎక్కువసేపు వంగాను. ఆయన కళ్లు నా కొప్పు మీద. వద్దన్నా రెండోసారి పోశాను, మూడోసారి కూడా పోశాను. వెండెలిన్ ఆ మూల టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"సరే, కట్టెల సంగతి," అన్నాడు ఊరిపెద్ద. "ఫ్రీడోలిన్, వెండెలిన్‌ది రెండో రకమని అన్నావు. అంతేనా?"

నేను కొప్పు సవరించుకున్నాను.

"అదీ... మళ్లీ చూశానండి. మొదటి రకమే."

"పోయిన వారం రెండోదన్నావే?"

"అప్పుడు కాగితం చుట్టి ఉంది."

"కాగితానికి రకం కట్టావా?" అన్నాడెవరో. బల్లలు గుద్దుకుని నవ్వారు. ఊరిపెద్ద నవ్వకుండా మూడు పేర్లు రాయించాడు, మూడో పేరు వెండెలిన్‌ది. వెండెలిన్ టోపీ కింద పడింది. తీయడానికి వంగి, చాలాసేపు లేవలేదు.

సాయంత్రం పుల్ల వాడి చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. నమ్మలేదు. నోట్లో పెట్టుకుని కొరికి చూశాడు. గాట్లో గాటు సరిగ్గా కూర్చుంది.

"నాదే అక్కా!"

"నీదే నాయనా. ఇక కొరకడం మానెయ్."

"మానేస్తే తడి ఎలా తెలుస్తుంది?"

"అయితే కొరికిన కొస కోసి కట్టరా!"

దాని మీద వారం రోజులు ఆలోచించాడు. ఆ తరవాత నుంచి కోస్తున్నాడు. ఆ కొసల్ని అపొలోనియా పొయ్యి రాజేయడానికి వాడుతోంది. ఫ్రీడోలిన్ అల్లుడు కూడా వెండెలిన్ దగ్గరికే పని నేర్చుకోవడానికి వస్తున్నాడు, మేజోళ్లతో. మొన్న గోలీలకు వెళితే డాక్టరు గారు నున్నగా కోసిన పుల్ల కొస నాకు చూపించి, "చూశావా అమ్మా, ఎంత శుద్ధమో!" అని మురిసిపోయాడు. ఎంత శుద్ధమో నేనేం చెబుతాను? మోకాలు మాత్రం తగ్గింది.

ఇవాళ తొట్లు నిలబెట్టి ఏడో రోజు. ఆ పుల్లని సభలో కొప్పున పెట్టుకున్న ఘట్టం రాస్తూ పకపకా నవ్వేశాను. గోడ అవతల నుంచి "ష్!" అని ఈదురుగాలి వచ్చింది. కలం కింద పెట్టి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, మిగిలిన నవ్వు పెరట్లోకి వెళ్లి నవ్వుకుని వచ్చాను.