వేడి చేసిందన్న బావ

భాస్కరరావు బావ లేరన్న కబురు గురువారం పొద్దున్న నేను మా కిరాణా కొట్లో చింతపండు బేరంలో ఉండగా వచ్చింది. కబురు తెచ్చిన మనిషితోనూ "సరిగ్గా చూశావా? స్పృహ తప్పిందేమో?" అంటూ బేరమే ఆడాను. కొంతైనా తగ్గుతుందేమోనన్న వెర్రి ఆశ. తగ్గలేదు. ఆ దిగ్భ్రాంతి ఇంకా వీడలేదు.

ఆయన మా అక్క భర్త, ఆరోగ్యశాఖ ఉద్యోగి. మన ఊళ్ళ జబ్బుల లెక్కలు యానాం నుంచి పాండిచ్చేరికీ, అక్కణ్ణుంచి ఢిల్లీకీ పోయి దేశం లెక్కలో కలుస్తాయి. వాటిలో నిజమెంతో పరీక్షించడం ఆయన పని. సత్యనిష్ఠ ఆయన స్వభావం, సౌమ్యత ఆయన అలంకారం. "చూసిందెవరు?" అన్నదొక్కటే ఆయన ఆయుధం.

"ఢిల్లీలో కంప్యూటర్లు పెడతన్నారంట గదా బావా, ఇంక తప్పులుండవేమో" అన్నానోసారి.

"కుళ్ళిన పండుగప్ప చేపని ఐసులో పెడితే తాజాదవుద్దా బామ్మర్దీ? నీలాంటోడు అమ్మేత్తాడనుకో!"

ఒక వేసవిలో యానాం నిండా జ్వరాలేనని లెక్కలొచ్చాయి. బావ తిన్నగా మా కొట్టుకొచ్చారు.

"జొరం మాత్రలు బాగా పోతన్నాయా?"

"లేదు బావా. సబ్జాగింజలే నిలవట్లేదు. మీకు కావాలంటే..."

"నాకే అంటగడతావేంటోయ్? పద, జొరాలెక్కువ రాసిన మెట్టకూరెళ్దాం."

అక్కడొక పెద్దాయన "వేడి చేసింది బాబూ" అన్నాడు.

"జొరమా?"

"జొరవని ఎవరన్నారండీ? నోరు పూసింది!"

పక్కింటావిడకీ వేడే, ఆవిడకు కడుపులో మంట. మలయాళం మాట్లాడే మాహె నుంచి బదిలీ మీద వచ్చి, ఆ లెక్కలు రాసిన నర్సమ్మ మావెంటే ఉంది. పాపం, మన తెలుగు ఆమెకు కొత్త. "వేడి అంటే జ్వరం కాదా సార్?" అంది బిక్కమొహంతో.

బావ కోప్పడలేదు. "తెలియనప్పుడు తెలియదనే రాయమ్మా. అదీ ఒక లెక్కే. ఊహించి రాసిందే లెక్క కాదు" అన్నారు.

అంతటి మనిషి బుధవారం సాయంత్రం అక్కతో "వేడి చేసినట్టుంది, సబ్జా నానబెట్టు" అన్నారట. తెల్లారి లేవలేదు. డాక్టరెవరూ చూడలేదు. ఆ సబ్జా మా కొట్టుదే.

మరణం నమోదుకు నేనే వెళ్ళాను. కారణమేమిటని గుమస్తా అడిగాడు.

"వేడి చేసిందన్నారండీ."

"అలాంటి జబ్బు లేదండి. గుండెపోటని రాసెయ్యనా? పోనీ జొరం? ఏదోటి చెప్పండి."

బేరాల్లోనే పుట్టి పెరిగిన నేను ఆ రెంటినీ మనసులోనే తూచాను. డాక్టరు దగ్గరికి పంపలేదే అని అక్క కుమిలిపోతోంది. గుండెపోటు అంటే, ఎవరి చేతిలోనూ లేనిదని సర్దుకుంటుంది. కాని చూసిందెవరు? చివరికి "తెలియదని రాయండి" అన్నాను.

ఇంటికి రాగానే అక్క అడిగింది. "ఏం రాయించావురా?"

"తెలియదనక్కా."

"మీ బావైతే ఒప్పుకునేవారు. నావల్లే కావట్లేదురా" అంది.

ఆ పుణ్యమూర్తికి అశ్రునయనాలతో అంజలి ఘటిస్తున్నాను. అక్కకు ఓ ఆసరా దక్కకుండా చేశానో, బావ మాట నిలిపానో ఎంత ఆలోచించినా తేలడం లేదు. తేల్చి చెప్పగలిగిన మనిషి ఆయనొక్కరే.