తువాలు కింద రెండు వేళ్లు

ఆ రోజుల్లో సినిమా తీయడానికి ఏమేం కావాలో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియదు కాబట్టే తీయగలిగామేమో. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో నాటకాలు రాసుకుంటూ తిరిగే నేను (పాత్రల్ని ఏం చెయ్యాలో తోచకపోతే చంపేసేవాణ్ణి) ఒక కథ పట్టుకుని ఆదోని బస్సెక్కాను. అక్కడ దూది సావుకారు అనే ఆయన బొమ్మ తీయిస్తాడని విన్నాను. ఆయన కాదంటే మా నాన్న నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టడం ఖాయం. 

దూది బేళ్ల మధ్య చాప మీద కూర్చుని కథ చదివాను. ఎదురుగా సావుకారు. ఆయన పక్కన దస్తీ సాయబు అని అందరూ పిలిచే దళారి. కథానాయిక ఏడ్చే ఘట్టంలో సాయబు ఆవులించాడు.  భయంతో రెండు దృశ్యాలు ఎగరగొట్టి, బతకాల్సిన తండ్రిని కూడా తొందరలో చంపేశాను.

కథ అయిపోగానే సావుకారు నా చేతి మీద తువాలు కప్పి, దాని కింద తన ఐదు వేళ్లూ నా చేతిలో పెట్టాడు. దూది బేరాలు అలా పట్టుకున్న వేళ్ల లెక్కతోనే కుదురుస్తారని నాకు తెలుసు. కథకూ అదే పద్ధతని మాత్రం తట్టలేదు. కథ నచ్చలేదని ఓదారుస్తున్నాడనుకున్నాను.  పెద్దాయన చెయ్యంతా పట్టుకోవడం మర్యాద కాదని రెండు వేళ్లు మాత్రం వినయంగా పట్టుకున్నాను.

"రెండా!" సావుకారు కళ్లు మెరిశాయి. "నేను ఐదు నెలలంటే, ఈయప్ప రెండు నెలల్లోనే బొమ్మ ముగిస్తానంటాండాడు సాయబూ!"

"మాట పక్కా అయిపోయింది," అని సాయబు తువాలు లాగేశాడు.

"అన్నా, నాకు తెలీక..." అని నసిగాను.

"తెలీకేందప్పా? ఈ బజార్లో సెయ్యి పట్టినంక మాట మార్సినోడు యాడన్నా ఉండాడా?" అన్నాడు సావుకారు.

డైరెక్టరు కోసం మద్రాసు వెళ్తే, అక్కడ ఎవరూ రెండు నెలలకు ఒప్పుకోలేదు. ఒకాయన నా మొహం చూసి మంచినీళ్లిప్పించాడు. చివరికి సావుకారు, "నువ్వే తియ్యప్పా, ఒప్పుకునింది నువ్వే గదా," అన్నాడు. ఆ మాటకు నాకు జ్వరం వచ్చింది. జ్వరంతోనే షూటింగుకు వెళ్లి, కెమెరా ఎటువైపు నుంచి చూస్తుందని అడిగాను (నిజంగానే అడిగాను). బొమ్మ ఎలాగో పూర్తయింది. ఆడింది కూడా.

డైరెక్టరు ఎలా అయ్యారని అడిగినవాళ్లకు చిన్నప్పటి తపన అని చెబుతుంటాను. తపనా పాడా, వట్టి భయం. ఆ బేళ్ల మధ్య చెమటలు కక్కుతున్న కుర్రవాణ్ణి తలచుకుంటే జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. పక్కన కూర్చుని, చెయ్యంతా పట్టుకోరా అని చెవిలో చెబుదామనిపిస్తుంది. కానీ చెప్పను. చెబితే వాడు ఐదు నెలలూ తీసుకుని, కథను ఇంకెవరి చేతిలోనో పెట్టి, హాయిగా ఎమ్మిగనూరు బస్సెక్కేస్తాడు.